గుర్తించు

ఫ్లెక్సీల కొట్లో కూర్చునే మనిషికి ఊళ్లో మొహాలన్నీ తెలుస్తాయి. బారసాల నాటి బుగ్గలు, ఓణీల ఫంక్షన్ నాటి సిగ్గులు, పుట్టినరోజుకి గజమాల వేయించుకున్న వార్డు నాయకుడి మీసాలు, చివరికి ‘అశ్రునివాళి’ అనే అక్షరాల కింద నవ్వుతున్న పెద్దాయన. అందరూ ఒకే కంప్యూటర్లోంచి వీధిలోకి వెళ్తారు. బెంజ్ సర్కిల్‌కి రెండు సందుల అవతల, హేమసుందర్ గారి కొట్లో, ఆ కంప్యూటర్ ముందు పదకొండేళ్లుగా కూర్చుంటున్న మనిషి ఖుర్షీదా.

మొహాన్ని ఫొటోలోంచి కత్తిరించి తీయడంలో ఆమెని మించినవాళ్లు ఆ చుట్టుపక్కల లేరు. పెళ్లి గుంపులో మూడో వరుసలో సగం కనిపించే మనిషిని కూడా వెంట్రుక చెదరకుండా బయటికి తీసి, కోటు తొడిగి, వెనకాల మబ్బులు పెట్టేస్తుంది. ‘‘ఖుర్షీదా గారి చేతిలో పడితే పోయినాయన కూడా లేచొచ్చి టీ అడుగుతాడు,’’ అని హేమసుందర్ వచ్చినవాళ్లందరికీ చెప్పుకునేవాడు. ఆ మాటకి ఖుర్షీదా నవ్వేది కాదు. అది ఆమె స్వభావం అనుకునేవాళ్లు అందరూ.

మూడేళ్లుగా ఆమె అడుగుతున్నది ఒక్కటే. రెండో మానిటర్. ఒక తెర మీద ఫొటో, ఇంకో తెర మీద డిజైను పెట్టుకుంటే పని సగం తగ్గుతుందని. హేమసుందర్ ‘‘చూద్దాం’’ అనేవాడు. బెజవాడలో ‘చూద్దాం’ అంటే ‘మర్చిపో’ అని అర్థం. అలాంటిది ఆ గురువారం మధ్యాహ్నం, ఆకాశం మూసుకుని సన్నగా చినుకులు పడుతుండగా, పాత దుప్పట్లో చుట్టిన మానిటర్ ఒకటి చంకలో పెట్టుకుని దిగాడు.

‘‘ఎక్కడిదండీ?’’

‘‘ఎక్కడిదైతే ఏంటమ్మా? ఎవరో పాత సామాను తీసేస్తుంటే ఊరికే ఇచ్చారు. దానమిచ్చిన ఆవుకి పళ్లు లెక్కపెట్టకూడదు. బొమ్మ పడుతుంది, చాలదూ?’’

అని, కంకిపాడులో కట్టాల్సిన ఫ్లెక్సీలు, నిచ్చెన ఆటోలో వేయించుకుని వెళ్లిపోయాడు. చీకటి పడేలోగా వచ్చేస్తానన్నాడు. వెళ్తూ వెళ్తూ, వాన జల్లు లోపలికి కొడుతోందని షట్టర్ సగానికి దించాడు.

ఖుర్షీదా దుప్పటి విప్పింది. లోపల్నుంచి ఒక వాసన వచ్చింది. సూది వేసే ముందు దూదితో రాస్తారే, ఆ వాసన. దాని అడుగున ఇంకోటి, ఎండీ ఎండని బురద వాసన. ‘ఏ గోడౌన్లో పడేశారో పాపం’ అనుకుని తడిగుడ్డతో తుడిచింది. తెర కింద అంచున ప్లాస్టర్ ముక్క అంటించి పీకేసిన జిగురు ఉంది. ఎంత రుద్దినా పోలేదు.

సిస్టమ్ మెకానిక్ చక్రికి ఫోన్ చేసి స్పీకర్లో పెట్టింది. చక్రి మాటకారి. పక్కింటి పెళ్లిలో వడ్డించినంత చనువుగా సలహాలిస్తాడు.

‘‘సీపీయూ వెనకాల రెండు మూతులుంటాయక్కా. సన్నదాంట్లో మీ మానిటర్ ఉంది కదా, దాన్ని కదపొద్దు. నీలం రంగు మూతి ఖాళీగా ఉంటుంది, పాత మానిటర్ వైరు అందులో పెట్టండి. స్క్రూలు రెండూ బిగించండి. లేకపోతే మనుషులంతా పచ్చకామెర్లొచ్చినట్టు కనిపిస్తారు.’’

పెట్టింది. బిగించింది. స్విచ్ వేసింది. పాత మానిటర్ కాసేపు ఆలోచించి వెలిగింది. మొదటి తెర మీద ఆమె సగం చేసి ఆపిన పుట్టినరోజు ఫ్లెక్సీ ఉంది, బోసినోటితో నవ్వుతున్న ఏడాది పిల్లాడు. ఇప్పుడు రెండో తెర మీద కూడా అదే పిల్లాడు, అదే నవ్వు.

‘‘రెండింట్లోనూ ఒకటే వస్తోంది చక్రీ.’’

‘‘దాన్ని డూప్లికేట్ అంటారక్కా. మనకది వద్దు. విండోస్ బొత్తం, పి కలిపి నొక్కి ‘విస్తరించు’ పెట్టండి. ఏం పెట్టినా పదిహేను సెకన్లు టైమిస్తాడు. ఆలోపు ‘ఉంచు’ అని నొక్కాలి. నొక్కకపోతే వాడే మునుపటి స్థితికి తీసుకెళ్లిపోతాడు.’’

‘‘ఎందుకట?’’

‘‘మార్చిన దెబ్బకి తెర నల్లబడిపోయిందనుకోండి, ఇంకేం నొక్కుతాం? చేసిన తప్పు దానంతటదే సర్దుకోవాలని.’’

తప్పు దానంతటదే సర్దుకోవడం. కంప్యూటర్లకి ఎంత అదృష్టం అనుకుంది ఖుర్షీదా. ‘విస్తరించు’ నొక్కింది, ‘ఉంచు’ నొక్కింది. రెండో తెర మీది పిల్లాడు మాయమై, ఖాళీ తెల్లదనం మిగిలింది.

కానీ మౌస్ బాణం కుడివైపుకి వెళ్లడం లేదు. అంచు దగ్గర ఆగిపోతోంది.

‘‘రెండోది ఎడమపక్క ఉందనుకుంటోందక్కా అది. సెట్టింగ్స్‌లో డబ్బాలుంటాయి చూడండి, ఒకటి, రెండు అని. కింద బొత్తం నొక్కితే ఏ తెర ఏ నంబరో పెద్దంకెలు పడతాయి. ఇంగ్లీషులో ఐడెంటిఫై అని ఉంటుంది. మీ ఓనరు గారు అన్నీ తెలుగులోకి మార్పించారుగా, మీకు ఎలా ఉందో మరి.’’

హేమసుందర్‌కి తెలుగంటే ప్రాణం. ఫ్లెక్సీలో ఒత్తు పోతే కస్టమర్ ఊరుకున్నా ఆయన ఊరుకోడు. ఆ పిచ్చితోనే కంప్యూటర్లో అన్నీ తెలుగు చేయించాడు. ఖుర్షీదా ఆ బొత్తం చూసింది. దాని మీద ఒకటే మాట ఉంది.

గుర్తించు.

మౌస్ మీద ఆమె వేలు ఆగిపోయింది. ఆ మాట పేపర్లో కనిపించినా పేజీ తిప్పేస్తుంది ఆమె. ‘‘అక్కా, ఉన్నారా?’’ అంటున్నాడు చక్రి. పిచ్చిదాన్నా నేను, బొత్తం కదా అనుకుని నొక్కింది.

మొదటి తెర మీద పెద్ద అంకె, 1. రెండో తెర మీద ఇంకా పెద్దగా, 2. ఆ అంకె పక్కన, కుడివైపు పైమూల, తెల్లటి వెలుగులో చింతగింజంత నల్లమచ్చ.

ఆ మచ్చని ఖుర్షీదా ఎరుగును. తన అరచేతి గీతల కంటే బాగా ఎరుగును. 

రెండేళ్ల కిందట బుడమేరు పొంగి సింగ్ నగర్ మెడలోతు నీళ్లలో ఉన్నప్పుడు, ఆమె తమ్ముడు అలీ లారీ ట్యూబొకటి నడుముకి తగిలించుకుని మేడల మీద చిక్కుకున్నవాళ్లకి పాల ప్యాకెట్లు ఇవ్వడానికి వెళ్లాడు. ‘‘గంటలో వస్తా ఆపా,’’ అన్నాడు, అక్కని ఎప్పుడూ పిలిచే పిలుపుతో. రాలేదు. ఐదో రోజు ఆస్పత్రికి రమ్మని ఫోనొచ్చింది.

శవాల గది పక్కన చిన్న గది. అటెండరు ఇశ్రాయేలు దయగలవాడు. ఆడవాళ్లని శవాల మధ్యకి నడిపించలేక, ఫొటోలు తీసి ఈ చిన్నగదిలో మానిటర్ మీద చూపించేవాడు. దాని కింద అంచున ప్లాస్టర్ ముక్క మీద ఏదో రాసి ఉంది. ‘‘మూడున్నాయమ్మా. తొందరేం లేదు. నెమ్మదిగా చూసి గుర్తించమ్మా,’’ అన్నాడు.

ఒకటో నంబరు, తెల్లజుట్టు ముసలాయన. కాదు. రెండో నంబరు, నీలం గళ్ల చొక్కా. అలీకీ నీలం గళ్ల చొక్కా ఉంది. మొహం మాత్రం... అన్ని రోజులు నీళ్లలో నానిన మొహం ఎవరిదైనా ఒకటే. ఎవరి మొహం ఒక్కసారి చూసినా మర్చిపోని ఖుర్షీదా, ఆ మొహం మీద చూపు నిలపలేకపోయింది. తెర మూల నల్లమచ్చ ఉంటే కళ్లు దాని మీద పెట్టింది. ‘‘ఇదే. రెండే,’’ అంది. ఇశ్రాయేలు మూడోది చూపించబోతే కళ్లు గట్టిగా మూసుకుంది. ‘‘వద్దన్నయ్యా. రెండే అంటున్నాగా,’’ అని, కళ్లు తెరవకుండానే కాగితం ఎక్కడో అడిగి, వేలు పట్టి చూపించిన చోట సంతకం పెట్టింది.

గేటు బయట తల్లి ముబీనా ఉంది. నాలుగు రోజులుగా మెతుకు ముట్టలేదు. నీటికాసులతో చూపు పోయిన మనిషి, వెలుతురూ చీకటీ తప్ప ఏమీ కనిపించవు ఆమెకి. ‘‘నా బిడ్డ ఒళ్లు నాకివ్వండి చాలు,’’ అని వచ్చేపోయే చెప్పుల చప్పుడుకల్లా చేతులు చాస్తోంది. ఆమె ముందుకి ఖాళీ చేతులతో వెళ్లడం కన్నా అబద్ధంతో వెళ్లడం తేలికనిపించింది ఆ క్షణాన.

మధ్యాహ్నం స్నానం చేయించడానికి వచ్చిన నాసిర్ మామూ బయటికొచ్చి ఆమెని పక్కకి పిలిచాడు. ‘‘అలీకి కుడి చెవికి గాటుండాలి కదమ్మా? చిన్నప్పుడు గాలిపటం మాంజా కోసింది...’’ అన్నాడు. ‘‘నీళ్లకి ఉబ్బిపోయింది మామూ, కనపడదు,’’ అంది ఖుర్షీదా. అది అలీ కాదని అప్పుడు ఖాయంగా తెలిసింది ఆమెకి. తెలిసే అంది. జనాజా లేచింది, నమాజు చదివారు, మట్టి వేశారు.

వారం తర్వాత పేపర్లో రెండు లైన్లు. గుర్తు తెలియని యువకుడి మృతదేహం. కుడి చెవి పైభాగాన పాత గాటు. ఎవరూ రాకపోవడంతో దహనం చేశారు. ఆ ముక్క చింపి మురుక్కాల్వలో వేసింది.

అలీకి దక్కాల్సిన నమాజు ఎవరికో దక్కింది. అలీకి నిప్పు దక్కింది. ప్రతి గురువారం ముబీనా తడుముకుంటూ గుచ్చిన పూలు నాసిర్ మామూ తీసుకెళ్లి ఊరూ పేరూ తెలియని ఎవడి సమాధి మీదో చల్లి వస్తాడు. అది ఈ లోకంలో ఖుర్షీదాకి ఒక్కదానికే తెలుసు. రోజూ దువాలో ఆమె అడిగేది డబ్బూ కాదు, పెళ్లీ కాదు. ‘ఒక్కసారి నన్ను మళ్లీ ఆ గదిలో కూర్చోబెట్టు. ఈసారి మూడోది చూస్తాను. అమ్మీకి నిజం చెప్తాను. వాడి పేరున నమాజు చదివిస్తాను.’

వాన పెద్దదైంది. షట్టర్ మీద చినుకులు గులకరాళ్లు పోసినట్టు మోగుతున్నాయి. ఖుర్షీదా కళ్లు తుడుచుకుని సెట్టింగ్స్ వైపు చూసింది.

డబ్బాలు మూడున్నాయి.

‘‘చక్రీ... మూడెందుకు చూపిస్తోంది?’’

‘‘మూడా? మూడోది ఎక్కడిదక్కా? వైర్లు పెట్టే మూతులే రెండున్నాయి దానికి.’’

‘‘ఉంది. రెండోదాని పక్కన. కుడివైపు.’’

‘‘కుడివైపు ఏముంది అక్కడ?’’

‘‘గోడ.’’

చక్రి నవ్వాడు. ‘‘పాత మానిటర్ కదా, కంగారు పడుతోంది. మళ్లీ ‘గుర్తించు’ కొట్టండి. మూడు ఎక్కడ పడుతుందో చూద్దాం.’’

నొక్కింది. ఎదురుగా 1. పక్కన 2. గోడ మీద ఏమీ లేదు. వెల్లసున్నం, ఒక మేకు, పాత క్యాలెండరు. అంతే.

కానీ ఆమె కుడి చెంప మీద వెలుగు పడింది. తెల్లగా, చల్లగా. ఒక తెర పక్కన కూర్చుంటే పడే వెలుగు. చెయ్యి ఎత్తి చూసుకుంది. మోచేతి దాకా కుడిపక్కంతా తెల్లబడి ఉంది. గోడ మాత్రం మామూలుగానే ఉంది.

‘‘అక్కా...’’ చక్రి గొంతులో నవ్వు లేదు. ‘‘కొట్లో ఇంకెవరైనా ఉన్నారా?’’

‘‘లేరు. ఏం?’’

‘‘ఎవరో ‘ఆపా’ అంటున్నారు.’’

ఫోన్ కట్ అయింది. మళ్లీ చేస్తే మోగలేదు.

బురద వాసన ఇప్పుడు గదంతా ఉంది. దాంతో పాటు ఇంకోటి... కాలిన వాసన. ఖుర్షీదాకి లేచి వెళ్లిపోవాలనిపించింది.  వెళ్లేముందు ఆ మూడో డబ్బాని తీసేద్దామని మౌస్ కదిపింది. బాణం మొదటి తెర దాటింది. ఇందాక వెళ్లనంటూ మొరాయించింది, ఇప్పుడు జారిపోయింది. రెండో తెర దాటింది. కుడి అంచు దగ్గర ఆగాలి.

ఆగలేదు.

గోడలోకి వెళ్లిపోయింది.

వెనక్కి లాగింది. మౌస్ బరువుగా ఉంది... బావిలో నిండు చేద లాగినంత బరువు. లాగింది. లాగింది. బాణం తిరిగొచ్చింది. ఒంటరిగా రాలేదు. రెండో తెర కుడి అంచు నుంచి, దాని వెనకే, ఒక ఫొటో అంచు లోపలికి వచ్చింది.

ముందు తెల్ల దుప్పటి. తర్వాత తడి జుట్టు.

ఆమె చెయ్యి తీసేసింది. అయినా ఫొటో వస్తూనే ఉంది. వేలెడు వేలెడు...

అప్పుడే మొదటి తెర మీద, నవ్వుతున్న పిల్లాడి మొహానికి అడ్డంగా, చిన్న పెట్టె తెరుచుకుంది.

ఈ మార్పులను ఉంచాలా? 15 సెకన్లలో మునుపటి స్థితికి మారుతుంది.

14.

ఖుర్షీదాకి అర్థమైంది. వెర్రిగా, పూర్తిగా అర్థమైంది. రెండేళ్లు అడిగింది ఇదే. చూడాలి. చూసి ‘ఉంచు’ అనాలి. అంతే.

11.

చెవి వచ్చింది. కుడి చెవి. పైన... గాటు.

‘‘అలీ,’’ అంది. ఏడుపూ కాదు, మాటా కాదు. తను పసుపు పెట్టి కట్టు కట్టిన గాటు అది. వేలు ‘ఉంచు’ మీదికి వెళ్లింది. మొహం చూడకుండా అలా అనకూడదు. ఈసారి చూసే అనాలి.

8.

చెవి పక్కన చెంప రావాలి.

వచ్చింది.

నల్లగా... అట్టలు కట్టి... చెంప కాదది. పేపర్లో చదివిన ఆఖరి మాట అది. దహనం.

6.

‘‘ఆపా...’’ కుడి చెవి వెనకాల. ఊపిరి తగిలేంత దగ్గర. తడి ఊపిరి. ‘‘చూడు.’’

5.

చూస్తానురా. చూస్తాను నాయనా. ఒక్క క్షణం...

‘‘ఆపా. గుర్తించు.’’

3.

కళ్లు మూసుకుంది.

తెలిసే మూసుకుంది. మూసుకుంటూనే తనని తాను అసహ్యించుకుంది. అయినా ఆ రెప్పలు తెరవడం ఆమె వల్ల కాలేదు, ఆ రోజు కానట్టే. చీకట్లో టక్కుమని ఒక చప్పుడు. తర్వాత వాన చప్పుడు మాత్రమే.

కళ్లు తెరిచేసరికి మొదటి తెర మీద పిల్లాడు నవ్వుతున్నాడు. డబ్బాలు రెండే. కుడి చెంప మీద వెలుగు లేదు. పెట్టెలో ఒకే లైను, మెషీన్లు రాసే ఆ పొడి తెలుగులో: మునుపటి స్థితి పునరుద్ధరించబడింది.

రెండో తెర మీద మాత్రం ఒక ఫొటో ఉంది. కాలిన మొహం కాదు. ఆ రోజు ఇశ్రాయేలు చూపించిన రెండో ఫొటో. అదే ఇనప బల్ల, అదే ఆకుపచ్చ గోడ, మూల అదే నల్లమచ్చ. బల్ల మీద నీలం గళ్ల చొక్కా మనిషి ఉండాలి.

బల్ల ఖాళీగా ఉంది. ఆరడుగుల పొడవున తడి మరక ఉంది. మరక చివర నుంచి నేల మీదికి, తడి పాదాల ముద్రలు.

ఖుర్షీదా వైరు పీకేసింది. చెప్పులు వేసుకుందో లేదో తెలియదు. షట్టర్ కింద నుంచి వంగి బయటపడి, కనిపించిన ఆటో ఎక్కి సింగ్ నగర్ అంది. దారి పొడుగునా ఒకటే నిర్ణయం. ఇవాళే చెప్పేయాలి. అమ్మీ కాళ్ల మీద పడి, నీ పూలు నీ కొడుకు మీద పడటం లేదని చెప్పేయాలి. తిట్టనీ, కొట్టనీ. నాసిర్ మామూని పిలిపించి, ఒళ్లు లేకపోయినా సరే, అలీ పేరున నమాజు చదివించాలి. అప్పటికైనా వాడు ఆ గోడ అవతలి నుంచి వదులుతాడు.

సందులోకి దిగేసరికి వాన వెలిసింది. మసీదులో పొద్దుగూకే వేళ మగ్రిబ్ అజాన్ అవుతోంది. ఇంటి తలుపు బార్లా తీసి ఉంది. లోపల్నుంచి తల్లి నవ్వు. రెండేళ్లుగా వినని నవ్వు.

‘‘వచ్చావా బేటీ! రా, రావే. ఎవరొచ్చాడో చూడు!’’

మంచం మీద ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. ముందు కంచం. ముబీనా పక్కన చేరి అన్నం ముద్దలు కలిపి అతని నోటికి అందిస్తోంది. రెండో చేత్తో అతని మొహం తడుముతోంది, నుదురు, ముక్కు, గడ్డం. అతను నీలం గళ్ల చొక్కా వేసుకున్నాడు. జుట్టు తడిగా నుదుటికి అతుక్కుని ఉంది.

ఖుర్షీదా ఈసారి కళ్లు మూసుకోలేదు. బాగా చూసింది. ఒకసారి చూస్తే ఎవరి మొహమూ మర్చిపోని మనిషి. ఆ మొహాన్ని ఆమె ఎప్పుడూ చూడలేదు.

‘‘ఇన్నాళ్లూ ఎక్కడున్నావురా అంటే చెప్పడే,’’ అంది ముబీనా. ‘‘పోనీలే, అడగకు. బిడ్డ వచ్చాడు, అంతే. ఇదిగో, చెవి చూడు... గాటు కూడా మానిపోయింది! అల్లా దయ చూశావా?’’

ఆమె వేళ్లు అతని కుడి చెవిని నిమురుతున్నాయి. గాటు లేని, నున్నటి, నిండు చెవి.

‘‘అమ్మీ,’’ అంది ఖుర్షీదా. ‘‘అమ్మీ, వీడు...’’

అతను తలెత్తాడు. కోపం లేదు. బెదిరింపు లేదు. ఎక్కడికి పోవాలో తెలియని మనిషికి ఎవరో తలుపు తీస్తే ఉండే మొహం.

‘‘అలా చూస్తావేంటి ఆపా?’’ అన్నాడు మెల్లగా. ‘‘నన్ను గుర్తుపట్టింది నువ్వేగా.’’

ముబీనా ఇంకో ముద్ద కలుపుతోంది. ఆ గుడ్డి కళ్లలో నీళ్లు, పెదాల మీద నవ్వు. ఆ నవ్వు చూస్తూ ఆటోలో కూడబెట్టుకున్న మాటలన్నీ ఒక్కొక్కటే చచ్చిపోవడం ఖుర్షీదాకి తెలుస్తూనే ఉంది.

బయట, గుమ్మం ముందు, ఎవరో నిలబడ్డారు.

‘‘ఆపా...’’

కాలిన గొంతు. అయినా ఆ దీర్ఘం తీయడం ఆమెకి తెలుసు. ఎత్తుకుని పెంచిన దీర్ఘం అది.

‘‘ఎవరే బయట?’’ అంది ముబీనా.

‘‘ఎవరో గుర్తు తెలియని మనిషి అమ్మీ,’’ అన్నాడు మంచం మీదివాడు.

‘‘తలుపు వేసెయ్యి బేటీ. దోమలొస్తాయి.’’

ఖుర్షీదా గుమ్మం దాకా వెళ్లింది. వీధిలైటు వెలగలేదు. చీకట్లో ఎవరో ఉన్నారు, తలెత్తితే కనిపించేంత దగ్గర్లో. ఆమె తలెత్తలేదు. తలుపు మూసింది. గడియ వేసింది. నుదురు తలుపుకి ఆనించి నిలబడింది. అవతల, సరిగ్గా నుదురు ఆనిన చోట, ఇంకో నుదురు ఆనింది.

‘‘ఎవరో గుర్తుపట్టావా?’’ అడిగింది తల్లి.

‘‘లేదమ్మీ,’’ అంది ఖుర్షీదా. ‘‘తెలీదు.’’

బయట ఇంకేమీ వినపడలేదు. కాసేపటికి తలుపు కింద నుంచి నీళ్లు సన్నగా లోపలికి వచ్చాయి. వాన వెలిసి అరగంట అయింది. నీళ్లు గచ్చు మీద పాకుతూ నెమ్మదిగా మంచం వైపు వెళ్లాయి. అది చూసి, అన్నం తింటున్న మనిషి నమలడం ఆపి, కాళ్లు రెండూ మంచం మీదికి తీసుకున్నాడు.